దొరసాని నకలు

మా అమ్మని నేను చూడలేదు. చూశానట, పదకొండు నెలల పాటు చాలా దగ్గర్నుంచే చూశానట గానీ, ఆ వయసులో చూసినదాన్ని దాచుకునే తెలివి ఎవరికీ ఉండదు, నాకు మరీ లేదు. అప్పకి అప్పుడు పదకొండేళ్ళు. అప్ప అంటే అక్క. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్‌కి రైల్వే పనికి వచ్చినప్పుడు మూటల్లో కట్టుకొచ్చిన మాట అది. అప్ప అమ్మని చూసింది, దాచుకుంది. అమ్మ ముఖం ఈ భూమ్మీద మిగిలి ఉన్నది అప్ప తలలో, ఆ ఒక్కచోటే.

ఫొటో ఒకటి ఉండేదట. స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నది, అమ్మ కుర్చీలో, నాన్న పక్కన నిలబడి. అమ్మ పోయిన రోజు నాన్న ఆ ఫొటోని ఫ్రేములోంచి ఊడదీసి, పసుపు కుంకుమలతో పాటు ఆమె గుండెల మీద పెట్టేశాడట. కంసావతి నది ఒడ్డున రెండూ కలిసే కాలిపోయాయి. నాన్న వర్క్‌షాపులో ఖలాసీ. బరువులెత్తే మనిషే గానీ ఆలోచించి ఎత్తే మనిషి కాదు. తను చనిపోయేదాకా, ఎవరైనా ఆ ఫొటో మాట తెస్తే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ వాళ్ళ ఇంట్లో ఒక్కతే సంతానం కాబట్టి పోలికలు వెతుక్కోవడానికి పిన్నులూ మావయ్యలూ లేరు. పోనీ మా ముఖాల్లో వెతుకుదామంటే అప్పా నేనూ ఇద్దరం నాన్న అచ్చే. మీసం ఒక్కటే తేడా, అది కూడా నాకు కాస్త పల్చన.

అందుకని మా ఇంట్లో అమ్మ తద్దినం కొంచెం వింతగా జరిగేది. అందరూ ఫొటోకి బొట్టు పెట్టి దండ వేస్తారు. మా అప్ప పీట మీద అమ్మ చీర మడతపెట్టి, ఆ మడతకి బొట్టు పెట్టేది. ఆకుపచ్చ నేత చీర, ఎర్రంచు. నేను దండం పెడుతూ, "అమ్మా, నీకు ఇస్త్రీ సేయించాల" అనేవాణ్ణి. అప్ప నెత్తిమీద ఒకటి తగిలించేది. నవ్వేది కూడా.

"సీరకి ఎన్నాళ్ళు దండం ఎడతావురా గుంటడా? నువ్వు అమ్మని ఒక్కపాలి సూడాల. నాకేటి, నాకు రోజూ కనబడతాది."

ఆమెకి కనబడే అమ్మ గురించి నాకు కథలు కథలుగా తెలుసు. మా చిన్నప్పటి రైల్వే క్వార్టరు ఒక్క గది. ఒక గుమ్మం, నాలుగు గోడలు, కిటికీ లేదు. పొయ్యి పొగ పోయే దారి లేక అమ్మ ఎప్పుడూ గుమ్మంలోనే కూర్చునేదట, బియ్యంలో రాళ్ళేరుతూ. పన్ను మీద పన్ను ఉండేదట. నవ్వితే ముందు ఆ పన్నే కనబడేదట, అందుకని సిగ్గుపడి చెంగు అడ్డం పెట్టుకునేదట. ఈ పన్ను కథ వెయ్యిసార్లు విన్నాను. అన్నం తిననని మారాం చేస్తే పన్ను కథ. జ్వరమొస్తే పన్ను కథ.

అప్ప పెళ్ళి చేసుకోలేదు. "ఒక గుంటణ్ణి పెంచేసరికే నా పని అయిపోనాది" అనేది. చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసింది. నాకూ పెళ్ళి కాలేదు. ఒకరిద్దరు అమ్మాయిలు నా జోకులకి నవ్వారు, వ్యవహారం అంతదాకానే వచ్చింది.

నేను బోర్డులు రాసే మనిషిని. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానో, బడే నన్ను మానేసిందో ఇప్పటికీ తేలలేదు. గోల్‌బజార్‌లో బట్టల కొట్లకీ మందుల షాపులకీ, న్యూ సెటిల్‌మెంట్‌లో గుడి గోడలకీ ముప్ఫై ఏళ్ళు రాశాను. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, నాలుగింటి అక్షరాలూ ముత్యాల్లా వచ్చేవి. ఆ నాలుగు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ తప్పుల్లేకుండా ఉత్తరం ముక్క రాయలేనన్నది వేరే సంగతి. బొమ్మలు కూడా వేశాను. పళ్ళ డాక్టరు బోర్డు మీద పళ్ళు, సెలూన్ అద్దం మీద హీరో తల. ఏ హీరోనో కింద పేరు రాస్తేనే తెలిసేది. తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. ఇప్పుడు ఒక ఫ్లెక్సు షాపులోనే ఫ్రేములకి గుడ్డ బిగిస్తాను. నన్ను చంపినవాడి దగ్గరే ఉద్యోగం.

రెండేళ్ళ కిందట అప్ప నడుస్తూ నడుస్తూ తలుపు అంచుకి గుద్దుకోవడం మొదలుపెట్టింది. "పక్కకి సూడవేటి, కొత్త పెళ్ళికూతురివా?" అని ఏడిపించాను. వారం తిరక్కుండా రెండుసార్లు సైకిలుకి తగిలింది. మేదినీపూర్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గ్లకోమా అన్నాడు. పక్క చూపంతా పోయింది, మధ్యలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది, ఆ గొట్టం కూడా సన్నబడుతూ వస్తుంది. చుక్కల మందు వేస్తే నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ఏడాదో, ఆ పైన కొంచెమో.

తిరుగు బస్సు ఎక్కాం. వంతెన దాటాక అప్ప అంది.

"ఒరే, నా కళ్ళు పోనా అమ్మ నాకు కనబడతాది. కానీ నువ్వు బొమ్మేస్తే అవునో కాదో సెప్పాలంటే నాకు సూపుండాల. మరి బేగి నేర్సుకో."

"ఏటి నేర్సుకోవాల?"

"అమ్మని వెయ్యడం. బోర్డు మీద పళ్ళేసినావు కదా, పన్నున్న మనిషిని ఎయ్యలేవా?"

ఆ వారమే హార్డ్‌బోర్డు మీద ఎనామిల్ రంగులతో వేశాను. బోర్డు రాసేవాడికి చేతికి కొన్ని అలవాట్లుంటాయి. ముందు అవుట్‌లైను గీస్తాం, లోపల రంగు నింపుతాం, అక్షరం ఉబ్బినట్టు కనబడాలని కుడిపక్క, కింద నీడ పెడతాం. నేను అమ్మ ముక్కుకి కూడా అలాగే నీడ పెట్టాను. అప్ప కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూసింది.

"ముక్కు కింద ఇంకో ముక్కేటిరా? ఒకటి కొంటే ఒకటి ఊరికే అని అమ్మకి సేల్ పెట్టినావా?"

అప్పుడు మాస్టర్‌మొషాయ్, అంటే మేష్టారుగారి దగ్గరికి వెళ్ళాను. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన బెంగాలీ ముసలాయన, ఇందా అనే పేటలో ఒంటరిగా ఉంటాడు. ఇల్లంతా తైలవర్ణాల వాసన. ముప్ఫై ఏళ్ళు తెలుగు పిల్లలకి చెప్పడం వల్ల తెలుగు వచ్చు. పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి సగం తిట్లే. నా సంగతంతా చెప్పాను. వింటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఠీక్ హై, బోర్డుబాబూ. నేర్పుతాను. కానీ అమ్మని ఇప్పుడే ముట్టుకోవు."

"దాదా, టైము లేదు."

"టైము లేదు కాబట్టే సెప్తున్నాను, ఎదవా. ముందు నకలు. పెద్దవాడి చెయ్యి ఎటు నడిచిందో నీ చెయ్యి దాని ఎనక నడవాల. చర్మం అంటే ఏటో తెలియకుండా అమ్మ ముఖం ఎలా ఎయ్యగలవు? మూడు నెలలు."

ఒక పాత పుస్తకం తీసి ఒక పేజీ తెరిచాడు. వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఎవరో మహానుభావుడు వేసిన బొమ్మ. ఆయన పేరు చెప్పాడు గానీ నా నోరు తిరగలేదు. కిటికీ పక్కన కూర్చున్న నడివయసు ఆడమనిషి. తెల్లటి గుడ్డ టోపీ. ఒళ్ళో చేతులు. పెదవులు మూసి ఉన్నాయి. ఎడమవైపు నుంచి వెలుగు పడి నుదురూ చెంపా మెరుస్తున్నాయి, రెండో పక్క నీడలో కరిగిపోయింది. ఆమె ఏం ఆలోచిస్తోందో చెప్పలేం గానీ ఏదో ఆలోచిస్తోంది. నేను ఆమెకి దొరసాని అని పేరు పెట్టాను.

మొదటి నెల మాస్టర్‌మొషాయ్ నా ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని ఊడబెరికి పక్కన పడేశాడు. "ముఖంలో గీత ఎక్కడుందిరా? సూపించు. ఏదీ?" గీత లేదు. చెంప అయిపోయి గాలి మొదలయ్యే చోట కత్తిరించినట్టు ఉండకూడదట, ఊపిరి వదిలినట్టు ఉండాలట. ముందు గోధుమరంగుతో పల్చగా వెలుగునీడలు మాత్రం వేయించాడు. అది పూర్తిగా ఆరాక గాని రంగు ముట్టుకోనివ్వలేదు. కింది పొర పల్చన, పైకి వెళ్ళేకొద్దీ నూనె ఎక్కువ. తిరగేస్తే పగుళ్ళిస్తుంది. చర్మం నీడలో ఆకుపచ్చ ఉంటుందని చెప్పినప్పుడు నేను నవ్వాను. వేసి చూపించాక నోరు మూశాను. నేను ముఖాన్ని చూసి ముఖం వేస్తున్నానని ఆయనకి కోపం. పుస్తకాన్నీ కాన్వాసునీ రెంటినీ తలకిందులుగా పెట్టి వేయించేవాడు.

"ఇప్పుడు ఇది దొరసాని కాదు. మచ్చలు. ఎలుగు మచ్చ, నీడ మచ్చ. ముక్కని అనుకున్నావంటే నీ తలకాయలో ఉన్న ముక్కే ఏస్తావు."

ఆదివారాలు ఆయన దగ్గర, మిగతా రోజులు ఇంట్లో. వానాకాలం, ఆయన ఇల్లు చెమ్మ. కాన్వాసు ఆరదు. అందుకని దాన్ని మా ఇంట్లోనే, అప్ప మంచానికి ఎదురుగా ట్రంకుపెట్టె మీద నిలబెట్టాను. గాలీ వెలుగూ బాగా వచ్చేది అక్కడే.

అలా అప్ప నా పరీక్షాధికారి అయింది. షాపు నుంచి వచ్చి గంటసేపు వేసి, పుస్తకం తెచ్చి ఆమె ముఖానికి దగ్గరగా పట్టుకునేవాణ్ణి.

"అప్పా, ఎడమ కన్ను సూడు. ఇదీ అదీ ఒకటేనా?"

అప్ప తల మెల్లిగా కదుపుతూ ఆ గొట్టపు చూపుని పేజీ మీదికి, మళ్ళీ కాన్వాసు మీదికి తిప్పేది. దీపం పట్టుకుని చీకటి గదిలో వెతికేవాళ్ళలా. "నీది ఎక్కువ తెరుసుకున్నాది. దొరసానికి నిద్రొస్తంది. నీదానికి బాకీవాడు వొచ్చినట్టున్నాది." నేను సరిచేసేవాణ్ణి. "ఇప్పుడు?" "ఇప్పుడు బాగున్నాది." "పెదవి?" "పెదవి ఇంకా బిగించాల." ఆమె చెప్పింది తప్పయ్యేది కాదు. ఇంత కన్ను ఉన్న మనిషికి కళ్ళు పోతున్నాయేమిటని నేను మాస్టర్‌మొషాయ్ దగ్గర అన్నప్పుడు ఆయన నా కుంచె లాక్కుని తనే కడగడం మొదలుపెట్టాడు.

మూడు నెలలయ్యాయి. ఒక ఆదివారం కాన్వాసు సైకిలు వెనక కట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన దూరంగా నిలబడి చూశాడు.

"బాస్. హొయే గేఛే. అయిపోయింది, సాలు. రేపట్నించి అమ్మ."

నేను ఆగలేదు. నా జీవితంలో నేను చేసిన తప్పులు లెక్కపెట్టడానికి నాకు వచ్చిన లెక్కలు చాలవు గానీ, ఇది మాత్రం లెక్క లేకుండానే తెలుసు. దొరసాని చేతులు నాకు నచ్చలేదు. ముఖం కుదిరింది, చేతులు వంకాయల్లా ఉన్నాయి. చేతులు సరిచేశాక మొదలుపెడదాం అనుకున్నాను.

అసలు సంగతి అది కూడా కాదు. ఇంజినీరింగ్ కాలేజీలో చదివే ఆంధ్రా, తెలంగాణ కుర్రాళ్ళు ఆదివారం మా గుడికి పులిహోర కోసం వస్తారు, భక్తి కూడా ఉంటుందేమో. వాళ్ళలో ఇద్దరు ఒకసారి దాహమేసి మా ఇంటి ముందు ఆగి, తలుపులోంచి దొరసానిని చూశారు. లోపలికొచ్చారు. "ఇది మీరే వేశారా సార్?" అన్నారు. సార్! ఎనిమిది తప్పినవాణ్ణి, అంత చదువుతున్నవాళ్ళు సార్ అన్నారు. ఫొటోలు తీసుకున్నారు. వచ్చే ఆదివారం ఇంకో నలుగుర్ని తెచ్చారు. గుడి పూజారిగారు వచ్చి చూశారు. గోల్‌బజార్‌లో మా ఫ్లెక్సు షాపు యజమాని కూడా వచ్చి, "దాదా, ఏకదమ్ జిందా లగ్ రహా హై" అన్నాడు, అచ్చం ప్రాణమున్నట్టే ఉందని. అందరూ వెళ్ళిపోయాక నేను మళ్ళీ కుర్చీ లాక్కుని దొరసాని చూపుడువేలు మీద వెలుగు సర్దేవాణ్ణి.

"అమ్మని ఎప్పుడురా?" అనేది అప్ప.

"ఈ వేలు అవనీ."

"దొరసానికి ఎన్ని వేళ్ళురా? మనిషేనా, అరటిగెలా?"

నెలకి రెండు వేళ్ళు నడిచాయి. టోపీ మడతలు రెండోసారి వేశాను. కిటికీ గాజు మూడుసార్లు. ప్రతిసారీ పుస్తకం తెచ్చి అప్ప ముఖం దగ్గర పట్టుకునేవాణ్ణి. చూడు, సరిపోయిందా. నుదురు చూడు. మళ్ళీ చూడు. అప్ప చూసేది. ఆమె గొట్టం సన్నబడుతోంది. వీధి చివర మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది, అన్నంలో కూర ఎటుందో వేలితో వెతుక్కుంటోంది. అయినా ఉన్న చూపునంతా కూడదీసి నేను చూడమన్న చోట చూసేది. పొద్దున్న లేచి కళ్ళు తెరిస్తే ఎదురుగా అదే. మధ్యాహ్నం పడుకుని ఉంటే అదే. ఆమెకి మిగిలిన ఆ కాస్త చూపునీ ఇంకెటూ పోనివ్వకుండా ఆరునెలలు అదనంగా నేను ఆ ఒక్క ముఖం మీదే ఖర్చుపెట్టించాను.

చివరికి ఎండాకాలం మొదట్లో ఒక సెలవురోజు ఉదయం కొత్త కాన్వాసు పెట్టాను. దొరసానిని గోడవైపు తిప్పేశాను. అప్ప తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు నా పక్కన స్టూలు మీద కూర్చుంది. కాన్వాసుకి జానెడు దూరంలో ముఖం పెట్టింది.

"సెప్పు అప్పా. అమ్మ ఎలగుండేది?"

"మొగం గుండ్రం కాదు, కోల. నుదురు ఎడల్పు."

బొగ్గుతో గీశాను. కొన్ని వద్దంది, చెరిపాను. కొన్ని ఊఁ అంది. కళ్ళు కొంచెం కిందికి చూస్తున్నట్టు ఉండాలంది. చెంప ఎముక దగ్గర కొంచెం నిండుగా. పెదవులు పల్చన, మూసి. ఇంతకుముందు ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. నాకు ఒళ్ళు పులకరించింది. కథల్లో ముక్కలుముక్కలుగా విన్న మనిషి నా చేతి కింద లేచి వస్తోంది. నాలుగు ఆదివారాలు అలా సాగింది. గోధుమరంగు పొర వేశాను. అది ఆరాక చర్మం వేశాను, నీడలో ఆకుపచ్చతో సహా. ఆకుపచ్చ నేత చీర కట్టాను, ఎర్రంచు దిద్దాను, బొట్టు పెట్టాను.

నాలుగో ఆదివారం అప్ప కాన్వాసుకి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళింది. ఒక కన్నుతో ఆ ముఖం మీద అంగుళం అంగుళం తిరిగింది. నుదుటి నుంచి గడ్డం దాకా వెళ్ళి మళ్ళీ నుదుటికి వచ్చింది. తర్వాత స్టూలు మీద వెనక్కి వాలిపోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదేరా. అమ్మే. అచ్చం అమ్మే. అలగే కిటికీ కాడ కూకుని ఉంటాది, చేతులు ఒళ్ళో ఎట్టుకుని. ఈ పక్క నుంచి ఎండ పడతాది మొగం మీద."

నేను నవ్వుతూ కుంచె తుడుస్తున్నాను. తుడుస్తూ ఆగిపోయాను.

ఆ క్వార్టరుకి కిటికీ లేదు. నేను అక్కడే పెరిగాను. నాలుగు గోడలూ నాకు తెలుసు.

అప్ప లేచి గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది, ముఖం కడుక్కోవడానికి. నేను కాన్వాసుని తలకిందులు చేశాను. గోడవైపున్న దొరసానిని ఇటు తిప్పి, ఆమెని కూడా తలకిందులు చేసి పక్కన పెట్టాను. వెలుగు మచ్చ, నీడ మచ్చ. రెంటిలోనూ ఒకటే. నుదుటి మీద వెలుగు ఆగిన చోటు ఒకటే. చెంప నీడలో కరిగిన చోటు ఒకటే. మూసిన పెదవుల కింద నీడ ఒకటే. టోపీ తీసేసి బొట్టు పెట్టాను, అంతే నేను చేసింది.

చెయ్యి అలవాటుతో నేనే అలా వేసి ఉంటాననుకున్నాను మొదట. నా చెయ్యి తప్పయితే నయం, నేను మళ్ళీ గీసుకోగలను. అందుకని అప్ప వచ్చి కూర్చున్నాక మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అప్పా, పన్ను మీద పన్ను మర్సిపోనాం. నోరు కొంచెం తెరిపించనా?"

"పన్ను మీద పన్నేటి?"

"అమ్మకి. నవ్వితే కనబడేది కదా. సెంగు అడ్డం ఎట్టుకునేది."

అప్ప నా వైపు ముఖం తిప్పి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడేసి.

"అమ్మకా? ఎవులు సెప్పినార్రా నీకు? అమ్మ నోరు మూసుకునే ఉంటాది. నాకు తెల్దేటి? ఇప్పుడే సూస్తన్నట్టు ఉన్నాది."

"నువ్వే సెప్పినావు, అప్పా."

"నేనా? ఎర్రోడా, నేనలగ ఎందుకు సెప్తాను," అని నవ్వింది. "నీకు అన్నీ జోకులే."

కాన్వాసు తీసుకుని ఇందాకి వెళ్ళాను. మాస్టర్‌మొషాయ్ ముందు, "బాహ్, చర్మం బాగా పలికింది" అన్నాడు. తర్వాత దగ్గరికొచ్చాడు. తనే కాన్వాసుని తలకిందులు చేసి చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు. నేను కిటికీ సంగతీ పన్ను సంగతీ చెప్పాను.

"అమ్మ ఎక్కడికి పోయింది దాదా?" అన్నాను. జోకులాగే అందామనుకున్నాను, అలా రాలేదు.

"మూడు నెలలు అన్నాను కదరా," అన్నాడు ఆయన. "ఆ రోజు నిన్ను కొట్టైనా ఆపాల్సింది. నాకూ గర్వమేసింది బోర్డుబాబూ. నా దగ్గర అంత బాగా ఎవడూ ఎయ్యలేదు." కళ్ళద్దాలు తీస్తూ అడిగాడు. "ఆమెకి సెప్పావా?"

"లేదు."

"సెప్తావా?"

ఆ ప్రశ్నకి జవాబు కోసం నేను ఊరంతా సైకిలు తొక్కాను. న్యూ సెటిల్‌మెంట్ దాటి, పాత క్వార్టర్ల దాకా వెళ్ళాను. మేమున్న వరస ఎప్పుడో పడగొట్టేశారు, ఇప్పుడక్కడ గడ్డి, ఒక పాత గుమ్మం రాయి. అది మాదే అని చెప్పలేను. దాని మీద కాసేపు కూర్చున్నాను. చెబితే అప్పకి ఏం మిగులుతుంది? ఆమె దగ్గర అసలు ముఖం లేదు, తిరిగి తెచ్చుకోవడానికి. ఉన్న ఈ ముఖం కూడా అమ్మది కాదని తెలుస్తుంది, అంతే. తల్లి రెండోసారి పోతుంది, అదీ తమ్ముడి చేతిలో.

చెప్పలేదు. అంటే, ఇంటికి వెళ్ళి చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్ప కాన్వాసు ఎక్కడ పెట్టావని అడిగింది. ట్రంకుపెట్టె మీద పెట్టానన్నాను. "నాకెదురుగానా?" అంది. ఎదురుగానే అన్నాను. అంతటితో నోరు మూసుకుపోయింది.

వానలు మొదలయ్యేసరికి గొట్టం కూడా మూసుకుపోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, చెయ్యి ఆడిస్తే నీడ తెలుస్తుంది. అప్ప ఎక్కువ బాధపడలేదు. వాకిట్లో కనబడినవాళ్ళందరికీ, "పనైపోనాక పోయినాయి కళ్ళు, దేవుడు దయగల్లోడే" అని చెప్పింది. మా వాడు అమ్మని దింపేశాడంది. పక్కింటి బెంగాలీ దీదీ వచ్చి చూసి, మీ అమ్మ చాలా శాంతంగా ఉంది అంది. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి, ఇది దానికంటే బాగుంది సార్ అన్నారు. నేను టీ పెట్టే నెపం మీద లోపలికి వెళ్ళాను. ఆ రోజు నుంచి ఎవరైనా నన్ను సార్ అంటే చెంప మీద కొట్టినట్టుంటుంది.

తద్దినం వచ్చింది. అప్ప నాచేత పీట కడిగించి, దాని మీద బొమ్మ పెట్టించింది. నా చెయ్యి పట్టుకుని బొట్టు పెట్టడానికి లేచింది. ఆమె వేలు నుదురు దొరక్క చెంప మీదికి పోతుంటే నేను సర్దాను. దండ వేసింది. దీపం వెలిగించాం. ఇద్దరం చేతులు జోడించి నిలబడ్డాం. ఏ దేశంలోనో ఏ కిటికీ పక్కనో కూర్చుని, ఎవరి గురించి ఆలోచిస్తూనో చచ్చిపోయిన ఒక పరాయి ఆడమనిషికి మా అమ్మ తద్దినం పెట్టాం. ఆమె తప్పేం లేదు. మా ఇంటికి నేనే పిలుచుకొచ్చాను.

అసలు మనిషి ఎక్కడో ఉండే ఉంటుంది అనిపిస్తుంది నాకు, గుమ్మంలో, పొగకి కళ్ళు మూసుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. నన్ను ఎత్తుకున్న మనిషి. ఆమెని చూసిన చివరి రెండు కళ్ళకీ దారి తప్పించింది నేను.

అప్ప కింద కూర్చుని, నా చేతిని వెతికి పట్టుకుంది.

"సూసినావా?" అంది. "ఇన్నాళ్ళకి సూసినావు కదా నువ్వు అమ్మని?"

"సూసినాను, అప్పా."

"ఎలగున్నాది?"

నాకు ఎప్పుడూ మాట కోసం వెతుక్కోవలసిన పని ఉండదు. ఆ రోజు వెతుక్కున్నాను. దీపం వెలుగులో పీట మీది ముఖం వైపు చూడలేక, పక్కన కూర్చున్న ముఖాన్ని చూశాను. నెరిసిన జుట్టు, లోపలికి పోయిన కళ్ళు, పదకొండేళ్ళ వయసు నుంచి నన్ను మోసి మోసి వంగిన మెడ.

"అలిసిపోయినట్టున్నాది," అన్నాను.

"అవున్రా, పాపం," అంది అప్ప. "పొద్దున్నే లేసేది కదా."